తోడుకోని నెత్తురు

పాలు ఎప్పుడు తోడుకుంటాయో నాకు తెలుసు. ఎందుకు తోడుకుంటాయో తెలియదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు కాస్త పెరుగు కలిపి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి గడ్డపెరుగు అవుతుంది. చలికాలమైతే గిన్నె చుట్టూ గోనెపట్టా కప్పాలి. ఎండాకాలమైతే తోడు తగ్గించాలి, లేకపోతే పులిసిపోతుంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ నా బతుకు ఈ పని మీదే నడిచింది. మాది కంకిపాడు పక్కన పల్లె. రెండు గేదెలు, వాటి పాలు, ఆ పాల పెరుగు. పొద్దున్నే బస్సెక్కి పటమటలో దిగి వీధి వీధీ తిరుగుతూ కేకేస్తాను. అలా కేకలేసీ కేకలేసీ గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నానని అనుకుంటారు. సంతకం వరకే నా చదువు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

నెత్తురు కూడా తోడుకుంటుందని మా ఆయన పోయినప్పుడు తెలిసింది. గేదెకు మేత వేస్తూ కూలబడిపోయాడు. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆస్పత్రిలో నల్లటి ఫిల్ము వెలుగుకి పెట్టి చూపించి, తలలో రక్తం గడ్డకట్టిందమ్మా అన్నారు. ఎవరు తోడేశారు అని అడిగాను. ఆ డాక్టరు నా వంక జాలిగా చూశాడు. దుఃఖంలో ఏదో అంటున్నాననుకున్నాడు కాబోలు. నిజానికి నేను తెలుసుకుందామనే అడిగాను. ఏదీ వేయకుండా ఏదీ గడ్డకట్టదు కదా. ఆయన పదకొండో రోజు కూడా అదే ఆలోచన నాకు. జనం ఏడుస్తుంటే నేను తోడు గురించి ఆలోచిస్తున్నాను.

దీనికి పూర్తిగా తలకిందుల సంగతి మా తమ్ముడిది. మా ఆయన పోయిన తరవాత రెండేళ్ళకో మూడేళ్ళకో, కోతలైపోయాక పొలంలో పనలు ఎత్తుతుంటే తమ్ముణ్ని రక్తపింజర కరిచింది. పన కింద చుట్ట చుట్టుకుని ఉందట. మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, ముందు వాడి బావమరిది, వెనక నేను, పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. పాము కరిచిన మనిషిని నిద్రపోనివ్వకూడదని మా వైపు నియమం. కునుకు పడితే ఇక లేవడంటారు. దారి పొడుగునా వాడి చెవులు మెలిపెడుతూ, చెంపలు వాయిస్తూ, తిడుతూ తీసుకెళ్ళాను. నోట్లో మిరియాలు కూడా వేశారు. అది పరీక్ష. నమిలితే కారం తెలిసిందా, విషం ఇంకా కిందే ఉన్నట్టు. చప్పగా ఉందా, నాలుక చచ్చినట్టు, విషం తలకెక్కినట్టు. కొందరు వేపాకు నమిలిస్తారు, అదీ ఇదే లెక్క.

ఆస్పత్రిలో నర్సమ్మ వాడి చేతిలోంచి కాస్త నెత్తురు తీసి గాజుగొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. ఎవరూ ముట్టుకోవద్దంది. చాలాసేపటికి వచ్చి గొట్టం వంచి చూసింది. నీళ్ళలా జారిపోయింది. మంచి రక్తమైతే ఈపాటికి గడ్డకట్టాలమ్మా, ఇది కట్టలేదు, విషం ఎక్కింది అంది. అప్పటికే వాడి పళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. సూది గుచ్చినచోట ఆగడంలేదు. ఇంజక్షన్లు ఎక్కించారు, ఎక్కించారు, చివరికి దక్కాడు. నేను మాత్రం ఆ గొట్టాన్ని మర్చిపోలేదు. మా ఆయనకి అక్కర్లేనిచోట తోడుకుంది, వీడికి కావలసినచోట తోడుకోలేదు. ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాను.

తమ్ముడికి ప్రాణం దక్కింది కానీ భయం పోలేదు. పొలం గట్టు మీద తాడు ముక్క కనిపించినా పక్క గట్టు మీదకు దూకేవాడు. రాత్రి పళ్ళు తోముకుంటే ఉమ్మి వంక చూసుకునేవాడు, ఎర్రగా ఉందేమోనని. మరదలు నవ్వేది. వాడు నవ్వేవాడు కాదు.

మొన్న శీతాకాలం నేను పటమటలో పెరుగు పోస్తుంటే ఫోనొచ్చింది. మరదలు. మీ తమ్ముడికి గుండెలో నొప్పి, చెమటలు పోస్తున్నాయి, కంకిపాడు డాక్టరు చూసి బెజవాడ తీసుకుపొమ్మన్నాడు, అంబులెన్సులో వస్తున్నాం అంది. నేను పెరుగు క్యాను, రోజూ నా దగ్గర పోయించుకునే వాడకం ఇంటి అరుగు మీదే వదిలేసి ఆటో ఎక్కాను. వాళ్ళకంటే ముందే నేను ఆస్పత్రి మెట్ల మీద ఉన్నాను.

గుండె నరంలో పెద్ద గడ్డ అడ్డం పడిందన్నారు. చేతి మణికట్టు దగ్గర్నుంచి తీగ పంపించి, నరం తెరిచి, స్టెంటు వేశారు. సాయంత్రానికి వాణ్ని ఐసీయూలో పడుకోబెట్టారు. పక్కన ఒక చిన్న పెట్టె, దానిలోంచి సన్నటి గొట్టం చేతిలోకి. ఆ పెట్టె మందును చుక్క చుక్క లెక్కపెట్టి తోస్తుందట. డ్యూటీ డాక్టరమ్మ వయసులో చిన్నదే, మా మనవరాలి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మా ఇద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి, ఇంతకు ముందు ఈయనకి ఎప్పుడైనా రక్తం కారడం, ఆగకపోవడం జరిగిందా అని అడిగింది. ఈ మందు ఎక్కేటప్పుడు అది తెలియాలట. మరదలు పాము కథంతా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ నవ్వింది.

“అయితే పాములకీ మీకూ పాత చుట్టరికమేనండీ. ఈ మందు కూడా పాము దగ్గర నేర్చుకున్నదే,” అంది తమ్ముడితో.

ధైర్యం చెబుదామనే అంది పిల్ల. రేపు సాయంత్రం దాకా ఇది ఎక్కాలి, లేకపోతే స్టెంటు మీద మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఉంది, బాగా విశ్రాంతి కావాలి, హాయిగా నిద్రపోండి అని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయింది. నేను తమ్ముడి మొహం చూశాను. వాడు పైకప్పు వంక చూస్తున్నాడు. కళ్ళు మూయలేదు.

ఆ రాత్రి మమ్మల్ని బయట హాల్లో పడుకోమన్నారు. తెల్లారి వెళ్ళి చూస్తే వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెప్ప వేయలేదని నర్సు చెప్పింది. నిద్రకి మాత్ర ఇస్తామంటే వద్దన్నాడట, నోరు బిగించాడట. బీపీ పైకి పోతోంది, గుండె పరుగులు పెడుతోంది, ఇలా అయితే కష్టం, మీరే నచ్చజెప్పండి అంది. మరదలు లోపలికి వెళ్ళింది. ఒక్కసారికి ఒక్కళ్ళనే పంపుతారు. నేను అద్దాల తలుపు దగ్గర నిలబడ్డాను. నచ్చజెబుతుందనుకున్నాను. అది మంచం పక్కన నిలబడి వాడి భుజం పట్టుకుని కుదుపుతోంది. వాడి రెప్ప వాలితే చాలు, కుదుపుతోంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. పాము మందు ఎక్కుతోంది కాబట్టి నిద్రపోకూడదు.

బయటికొచ్చి మరదలు ఏడుపు మొదలుపెట్టింది. పొద్దున మొహం కడిగితే పళ్ళ సందుల్లోంచి నెత్తురు వచ్చిందట. అచ్చం అప్పట్లాగే. నర్సు తుడిచి, డాక్టరమ్మకి చెప్పి, మళ్ళీ రక్తం పరీక్షకి పంపింది. ఈ మందుకి కొద్దిగా అలా వస్తుందని చెప్పింది. మరదలికి ఆ మాట ఎక్కలేదు. అప్పటికే కింద మెట్ల పక్కన కిరాణా కొట్టుకెళ్ళి మిరియాలు కొనుక్కొచ్చి కొంగున కట్టుకుందట. ఇందాక లోపలికెళ్ళినప్పుడు వాడి నోట్లో ఒక గింజ వేసిందట. నమలమంది. కారంగా ఉందా అంటే లేదని తల ఊపాడు.

“నాలుక చచ్చిపోయింది వదినా. నేను పోయి ఆ గొట్టం పీకేయమని చెబుతా. సంతకం కావాలంటే పెడతా. ఇంటికి తీసుకుపోదాం,” అంది.

నాకూ భయమేసింది. ఎందుకంటే మిరియం పరీక్షని నేను కూడా నమ్ముతాను. ఇప్పటికీ. నేనే చేయించాను కదా అప్పుడు. కానీ డాక్టరమ్మ చెప్పిన మాట కూడా చెవిలో ఉంది, మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం అని. మా ఆయన మూతి లాగేసిన మొహం కళ్ళ ముందుకొచ్చింది. గొట్టం ఉంచితే కారిపోతాడా, తీస్తే తోడుకుపోతాడా. ఒక్క నిమిషం ఆగు, సంతకం పెట్టేముందు నేనొకటి అడిగొస్తా అని మరదల్ని బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరమ్మ కోసం వెళ్ళాను.

ఆ పిల్ల నడవా చివర కాఫీ తాగుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చో తల్లీ, ఒక మాట చెప్పు చాలు అన్నాను. పాము నెత్తుర్ని తోడుకోనివ్వదు. నీ మందూ తోడుకోనివ్వదు. మరి రెంటికీ తేడా ఏంటి? అప్పుడు వాడు చావబోయాడు, ఇప్పుడు బతుకుతాడంటున్నావు, ఎలా?

ఆమె కప్పు కింద పెట్టింది. రక్తంలో సన్నటి రవ్వ లాంటివి ఉంటాయట. ఎక్కడైనా దెబ్బ తగిలితే అవన్నీ అక్కడికి చేరి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గడ్డ కడతాయట. తన రెండు చేతుల వేళ్ళూ కలిపి చూపించింది. ఈ మందు ఆ చేతులు పట్టుకోనివ్వదు, అంతే. వేళ్ళు విడదీసింది. ఎడారి నేలల్లో తిరిగే చిన్న పింజర ఒకటి ఉంది, దాని విషంలో ఈ పనిచేసే ముక్క ఒకటి కనిపెట్టారు, ఆ ముక్క ఆకారం చూసి అలాంటి మందును ఫ్యాక్టరీలో చేశారు అంది. సీసాలో పాము లేదు, విషమూ లేదు. రెంటినీ కలిపి చెప్పి మీవాణ్ని భయపెట్టానేమో అని తనే నొచ్చుకుంది.

మరి రక్తపింజర? అని అడిగాను. అది వేరే పని చేస్తుందట. ఒంట్లో గడ్డకట్టడానికి ఉన్న సరుకునంతా ఒక్కసారిగా వాడించేస్తుంది. అక్కడక్కడా చిల్లరచిల్లరగా గడ్డలు కట్టించి ఖర్చు పెట్టిస్తుంది. సరుకు అయిపోయాక ఇక ఏం చేసినా గడ్డకట్టదు, నీళ్ళలా కారిపోతుంది. గాజుగొట్టంలో మీరు చూసింది అదే అంది. ఇక్కడ సరుకు ఎక్కడికీ పోలేదు. మందు ఆపేస్తే కొన్ని గంటల్లో రక్తం మళ్ళీ మామూలే. ఇందాక పంపిన పరీక్ష కూడా వచ్చింది, బాగానే ఉంది.

ఇన్నేళ్ళుగా తోడు తోడు అనుకుంటూ నేను తప్పు గిన్నెలో చూస్తున్నాను. నెత్తుర్లో ఎవరూ ఏమీ వేయక్కర్లేదు, దానిలోనే ఉంది. మా ఆయనకి ఎవరూ తోడు వేయలేదు. ఆ మాట తెలిసి ఎందుకో గుండె కాస్త తేలికైంది.

లేచి వస్తూ మళ్ళీ ఆగాను. “మరి ఆ పాముకి దెబ్బ తగిలితే, దాని నెత్తురు గడ్డకట్టుద్దా అమ్మా?”

“నాకు తెలియదమ్మా. ఎప్పుడూ ఎవరూ అడగలేదు,” అంది డాక్టరమ్మ నవ్వుతూ. ఇప్పటికీ నాకు దానికి జవాబు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పాలి.

నర్సుని బతిమాలి లోపలికెళ్ళాను. తమ్ముడు నన్ను చూసి పలకలేదు. పెదాల మూలన ఎర్రటి చార ఎండి ఉంది. కింద దవడ ఒక పక్క కొంచెం ఉబ్బెత్తుగా కనిపించింది. వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నట్టు. నాకు అనుమానమొచ్చింది. నోరు తెరువు అన్నాను. తెరవలేదు. చిన్నప్పుడు వాణ్ని ఎత్తుకు తిరిగినదాన్ని, నాకు తెలియని మొండితనమా. గడ్డం పట్టుకుని వేలితో బుగ్గ పక్కకు లాగాను. మిరియపు గింజ. చెక్కు చెదరకుండా గుండ్రంగా అలాగే ఉంది.

“నవల్లేదేంట్రా?” అన్నాను.

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నమిలితే తెలిసిపోద్ది కదక్కా,” అన్నాడు.

పొలంలో పాముని చూసి గట్లు దూకినవాడు, పళ్ళు తోమి ఉమ్మి చూసుకున్నవాడు, ఆ ఒక్క గింజని బుగ్గలో పెట్టుకుని అలా పడుకుని ఉన్నాడు. నమిలితే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలకుండా ఉంటేనే నయమనుకున్నాడు. మరదలు అడిగితే అబద్ధం చెప్పలేక, నిజం తెలియక, తల అడ్డంగా ఊపాడు.

డాక్టరమ్మ చేతివేళ్ళు కలిపి చూపించింది కదా, అది చెబితే వీడికి ఎక్కదు. నెత్తురుకి చేతులేంటి అంటాడు. వీడికి తెలిసింది గేదెలు, పాలు. అందుకని కుర్చీ దగ్గరికి లాక్కుని, నా గొంతు ఎంత తగ్గించినా తగ్గదు కాబట్టి వాడి చెవి దగ్గర చెప్పాను.

“పాలల్లో నిమ్మకాయ పిండితే ఏమయిద్ది?”

“విరిగిపోతయి.”

“విరిగినాక మళ్ళీ తోడేస్తే పెరుగయిద్దా?”

“ఎట్టా అయిద్ది. నీళ్ళు నీళ్ళే, ముక్కలు ముక్కలే.”

“అది పాము చేసింది నీకు. నెత్తురు విరగ్గొట్టింది. ఇప్పుడిది ఇను. పటమటలో నా వాడకం ఇంటావిడ తోడేసిన పాలు తెలీక ఫ్రిజ్జిలో పెట్టింది. పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉన్నయి. నా తోడు మంచిది కాదని నా మీద అరిచింది. బయట పెట్టి వెచ్చబెట్టమన్నా. మధ్యాన్నానికి గడ్డపెరుగు. నీ నెత్తురు ఇప్పుడు ఫ్రిజ్జిలో ఉంది. విరగలేదు. సాయంత్రం తలుపు తీస్తారు.”

వాడు నా వంక చాలాసేపు చూశాడు. డాక్టరమ్మ చెప్పిందా అన్నాడు. ఫ్రిజ్జి నాది, మిగతాది ఆమెది అన్నాను. మరి పళ్ళ నుంచి నెత్తురు? అన్నాడు. చల్లటి పాలు గిన్నె అంచు మీద నుంచి కాస్త కారవా, అంతే అన్నాను. ఈ ఒక్కటి నేను సొంతంగా కల్పించాను. డాక్టరమ్మ వింటే ఏమనేదో.

వాడు పైకప్పు వంక తిరిగాడు. దవడ కదిలింది. వెనక పన్నుతో టప్పున కొరికాడు. డాక్టరమ్మ చెప్పింది నమ్మాను, ఫ్రిజ్జి కథ నేనే చెప్పాను, అయినా ఆ ఒక్క క్షణం నేను మిరియాన్నే నమ్ముకుని కూర్చున్నాను. ఏ మాట వస్తుందో అని.

వాడి మొహం ముడుచుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. దగ్గు. ఇంకో దగ్గు. మంచం పైన టీవీలాంటి దాని మీది గీతలు ఎగిరాయి, అది కూత పెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఏం పెట్టారమ్మా నోట్లో అని నా మీద కేకలేసి, వాడి నోరు తెరిపించి, ముక్కలు గుడ్డతో తీసేసి, గుటకెడు నీళ్ళు పట్టింది. గొంతులో అడ్డం పడితే ఎవరు సమాధానం చెబుతారంది. తప్పేనమ్మా, ఇక పెట్టం అన్నాను. ఆ తిట్లు నాకు వినిపిస్తూనే ఉన్నాయి, కానీ నేను వాడి పెదాలనే చూస్తున్నాను.

“కారంరో నాయనో,” అన్నాడు తమ్ముడు.

నర్సు వాడి దుప్పటి సర్ది, గీతలు దారికొచ్చేదాకా నిలబడి, ఇక మీరు బయటికి వెళ్ళండి అంది. నేను లేస్తుంటే వాడు చెయ్యి పట్టుకున్నాడు. నిద్రపోనా అక్కా అని అడిగాడు. అడగడం చిన్నపిల్లాడిలా అడిగాడు. పడుకో అన్నాను. అప్పుడు దారి పొడుగునా వాడి చెంపలు వాయించిన చేత్తోనే నుదురు నిమిరాను. నేను తలుపు దాటేలోపే రెప్పలు మూశాడు.

మరదలు బెంచీ మీద నుంచి లేచొచ్చింది. ఏమైందని అడిగింది. కారం తెలిసింది అన్నాను. ముందు నమ్మలేదు. బుగ్గలో గింజ సంగతి చెప్పాను. “ఈ మనిషిని” అని పళ్ళు కొరికి, కొంగులో మిగిలిన మిరియాలు విప్పి చెత్తబుట్టలో వేసింది. తరవాత అద్దంలోంచి లోపలికి చూసి ఉలిక్కిపడింది.

“కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోనిచ్చావా వదినా?”

నిద్రపోనిచ్చాను అన్నాను. ఇద్దరం అద్దానికి మొహాలు ఆనించి నిలబడ్డాం. దుప్పటి లేస్తోంది, పడుతోంది. మరదలి పెదాలు కదులుతున్నాయి, లేచినప్పుడల్లా లెక్క పెడుతోందో, దేవుణ్ని తలుచుకుంటోందో. గురక పెడుతున్నాడా వదినా, వినిపించట్లేదు అంది. నోరు తెరిచే ఉందిగా, పెడుతూనే ఉంటాడు అన్నాను. అప్పుడు కొంచెం నవ్వింది. బెంచీ మీద కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు. మధ్యాహ్నమంతా అక్కడే నిలబడింది. నేనూ నిలబడ్డాను. అన్నానికి కూడా కిందికి దిగలేదు.

పొద్దు వాలాక డాక్టరమ్మ వచ్చి పెట్టె ఆపి గొట్టం తీసింది. మేమిద్దరం తలుపు దాకా వెళ్ళి చూస్తున్నాం. ఆమె వాడి భుజం తట్టింది. వాడు కదల్లేదు. మరదలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ ఇంకోసారి తట్టి పేరు పెట్టి పిలిచింది. వాడు ఒక కన్ను తెరిచి విసుగ్గా చూశాడు.

“పడుకోమందీ మీరే, లేపేదీ మీరేనా?” అన్నాడు.

ఆ విసుగు మాట విని మరదలు నా చెయ్యి వదిలేసి అక్కడే, ఐసీయూ గుమ్మంలోనే, నేల మీద చతికిలబడింది.